పరిశోధన ప్రసంగంలో దేనికోసం వినాలి

ప్రియమైన పిల్లలకు,

విశ్వవిద్యాలయాల్లో క్వాంటం భౌతిక శాస్త్రం మీదా, రసాయన శాస్త్రం మీదా జరిగే పరిశోధన ప్రసంగాలకు వెళ్లాలా వద్దా అని మీలో కొందరు అడిగారు. ప్రకటనలో శీర్షిక చదివితేనే సగం మాటలు తెలియడం లేదని, లోపలికి వెళ్లి ఏం చేస్తామని మీ సందేహం. వెళ్లండి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నా వెళ్లండి. అయితే ఒక్క ప్రశ్నను వెంట తీసుకుని వెళ్లండి. ఏం సాధించారో వక్తే వివరంగా చెబుతారు. ఆ ఫలితం రాబట్టడానికి దేన్ని పక్కన పెట్టారో మాత్రం మీరు చెవి ఒగ్గి వినాలి. అణువుల గురించిన క్వాంటం శాస్త్రంలో నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంటుంది.

ముందుగా, ఇలాంటి ప్రసంగాలను తేలికగా తీసుకోకూడదని ఎందుకు అంటున్నానో చెబుతాను. 1925 చివర్లో జ్యూరిక్‌లో భౌతిక శాస్త్రవేత్తలు కలుసుకునే గోష్ఠి ఒకటి ఉండేది. పదార్థ కణాలకు తరంగ స్వభావం ఉంటుందని ఫ్రాన్స్‌లో లూయీ ద బ్రోయ్ అప్పటికి కొత్తగా ప్రతిపాదించారు. దాని గురించి ఒక ప్రసంగం ఇవ్వమని పీటర్ డెబై తన సహచరుడు ఎర్విన్ ష్రోడింగర్‌ను అడిగారు. ష్రోడింగర్ చక్కగా వివరించారు. అంతా విన్న డెబై, తరంగాల గురించి సరిగ్గా మాట్లాడాలంటే ముందు ఒక తరంగ సమీకరణం ఉండాలి కదా అన్నారు. కొన్ని వారాల తరువాత ష్రోడింగర్ మళ్లీ అదే గోష్ఠిలో మాట్లాడుతూ, డెబై అడిగిన సమీకరణం దొరికిందని చెప్పారు. అప్పట్లో విద్యార్థిగా అక్కడ కూర్చుని విన్న ఫెలిక్స్ బ్లోక్ చాలా ఏళ్ల తరువాత ఈ సంగతి గుర్తుచేసుకున్నారు. 1926లో అచ్చయిన ఆ సమీకరణమే ఈనాటికీ అణువుల గురించిన లెక్కలన్నిటికీ ఆధారం.

డెబై అన్నమాట ఎంత సాదాసీదాదో చూడండి. ప్రసంగంలో ఏది లేదో ఆయన గమనించారు, అంతే.

సమీకరణం వచ్చాక పని అయిపోయిందా? 1929లో పాల్ డిరాక్ దీనికి సూటిగా జవాబు రాశారు. భౌతిక శాస్త్రంలో ఎక్కువ భాగానికీ, రసాయన శాస్త్రం మొత్తానికీ అవసరమైన మూల నియమాలు ఇప్పుడు పూర్తిగా తెలిసిపోయాయని, కష్టమంతా వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ప్రయోగిస్తే వచ్చే సమీకరణాలు సాధించలేనంత జటిలంగా ఉండటమేనని ఆయన అన్నారు. ఆ కష్టం ఎంతటిదో మీరే లెక్కకట్టి చూడవచ్చు. ఒక ఎలక్ట్రాన్ ఎక్కడుందో చెప్పడానికి మూడు నిరూపకాలు కావాలి. ఒక్కో నిరూపకానికి 10 బిందువులు చాలనుకున్నా, ఒక ఎలక్ట్రాన్‌కు 1,000 సంఖ్యలు రాసిపెట్టుకోవాలి. నీటి అణువులో 10 ఎలక్ట్రాన్లు ఉంటాయి, అంటే 30 నిరూపకాలు. ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఎంతో చెప్పే తరంగ ప్రమేయాన్ని పట్టికగా రాయాలంటే 1 పక్కన 30 సున్నాలు పెట్టినన్ని సంఖ్యలు కావాలి. బెంజీన్‌లో 42 ఎలక్ట్రాన్లు. అక్కడ 1 పక్కన 126 సున్నాలు. కంటికి అందే విశ్వంలోని పరమాణువుల సంఖ్యకు 1 పక్కన 80 సున్నాలు చాలునని అంచనా. ఒక్క బెంజీన్ అణువు గురించి పూర్తిగా రాసుకోవడానికి విశ్వంలో చోటు లేదన్నమాట.

అందుకే ఈ రంగంలో ఎవరూ సమీకరణాన్ని ఉన్నదున్నట్టు సాధించరు. ఏదో ఒకటి వదిలేస్తారు. ఏది వదిలితే నష్టం తక్కువో కనిపెట్టడమే ఈ విద్య. ప్రసంగం వింటున్నప్పుడు ఈ వదిలేసిన సంగతి ఒక్కోసారి ఒకే ఒక్క వాక్యంలో దాటిపోతుంది. దాన్ని పట్టుకోవాలి.

మొదటి ఉజ్జాయింపు దాదాపు ప్రతి ప్రసంగంలోనూ ఉంటుంది. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1,836 రెట్లు బరువు. కాబట్టి కేంద్రకాలు నెమ్మదిగా కదులుతాయి, ఎలక్ట్రాన్లు వాటి చుట్టూ క్షణంలో సర్దుకుంటాయి. కేంద్రకాలను ఒకచోట నిలిపి ఎలక్ట్రాన్ల లెక్క వేరుగా చేయవచ్చని 1927లో మాక్స్ బోర్న్, రాబర్ట్ ఓపెన్‌హైమర్ చూపించారు. ఇది ఎంత అలవాటైపోయిందంటే చాలామంది వక్తలు దీన్ని చెప్పరు కూడా. కానీ కాంతిని పీల్చుకున్న అణువుల గురించి మాట్లాడేటప్పుడు ఇది చాలాసార్లు విఫలమవుతుంది. మీరు ఈ అక్షరాలు చూస్తున్నారంటే మీ కంటిలో రెటినల్ అనే అణువు కాంతిని పీల్చుకుని ఆకారం మార్చుకుంటోంది. ఆ మార్పుకు పట్టే కాలం దాదాపు 200 ఫెమ్టోసెకన్లు. ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లలో ఒక వంతు. అంత వేగంగా జరిగేచోట ఎలక్ట్రాన్ల కదలికనూ కేంద్రకాల కదలికనూ విడదీసి చూడటం కుదరదు. ఎవరైనా వక్త "కోనికల్ ఇంటర్‌సెక్షన్" (అణువు రెండు స్థితుల శక్తులు ఒకటయ్యే చోటు) అన్నారంటే బోర్న్, ఓపెన్‌హైమర్ల సౌకర్యం అక్కడితో చెల్లిపోయిందని అర్థం. అప్పుడు కొంచెం ముందుకు వంగి వినండి.

రెండోది సగటు క్షేత్రం. ఒక్కో ఎలక్ట్రాన్‌కు మిగతా ఎలక్ట్రాన్లు ఈ క్షణాన ఎక్కడున్నాయో చూడకుండా, అవి సగటున ఎక్కడుంటాయో చూసి లెక్క వేస్తారు. రద్దీ గదిలో ఎదురొచ్చే మనుషులను చూడకుండా, గుంపు ఎటువైపు ఎక్కువో మాత్రమే తెలుసుకుని నడవడం వంటిది ఇది. నడక సాగుతుంది, భుజాలు తగులుతాయి. నిజానికి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ కదులుతాయి. ఇలా తప్పించుకోవడం వల్ల తగ్గే శక్తిని సహసంబంధ శక్తి అంటారు. మొత్తం శక్తిలో అది చిన్న భాగమే, అయినా రసాయన శాస్త్రానికి అదే ప్రాణం.

చిన్న భాగమైతే ఎందుకంత పట్టింపు? నీటి అణువును ఎలక్ట్రాన్లుగా, కేంద్రకాలుగా పూర్తిగా విడగొట్టాలంటే మోల్‌కు దాదాపు 48,000 కిలోకేలరీలు కావాలి. అందులోని ఒక ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి 119 కిలోకేలరీలు చాలు. ఇక ఒక చర్య దాటాల్సిన శక్తి అవరోధంలో 1 కిలోకేలరీ తేడా వస్తే, సాధారణ గది ఉష్ణోగ్రత దగ్గర చర్య వేగం 5 రెట్లకు పైగా మారిపోతుంది. అందుకే 1 కిలోకేలరీ లోపు తప్పుతో లెక్కకట్టడాన్ని ఈ రంగంలో ఒక గీటురాయిగా పెట్టుకున్నారు. 48,000లో 1! తెర మీద అందమైన రంగుల బొమ్మ కనిపించినప్పుడు, ఈ అంకెలో తప్పు ఎంత ఉండవచ్చని అడగడం మర్యాదకు విరుద్ధమేమీ కాదు. మంచి వక్త ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

మీరు ఎక్కువగా వినబోయే పేరు సాంద్రతా ప్రమేయ సిద్ధాంతం. 1964లో పియర్ హోహెన్‌బర్గ్, వాల్టర్ కోన్ ఒక విచిత్రమైన విషయం నిరూపించారు. అన్ని ఎలక్ట్రాన్ల నిరూపకాలతో నిండిన తరంగ ప్రమేయం లేకుండానే, మూడే నిరూపకాలున్న ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి కనిష్ఠ స్థితి శక్తిని రాబట్టవచ్చు. 126 నిరూపకాల బెంజీన్ మూడింటికి దిగివస్తుంది! 1998 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని కోన్, జాన్ పోపుల్ పంచుకున్నారు. అయితే సాంద్రత నుంచి శక్తిని ఇచ్చే ఆ సూత్రం ఒకటి ఉందని మాత్రమే రుజువు చెబుతుంది, దాని కచ్చితమైన రూపం ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఉజ్జాయింపు రూపాలు చాలా ఉన్నాయి. వక్త వాటిలో ఏది ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్నది వినండి. "అందరూ వాడుతున్నారు కాబట్టి" అన్న జవాబు నాకు ఎప్పుడూ తృప్తినివ్వదు. మీరూ దానితో సరిపెట్టుకోకండి.

ఇప్పుడు నాకు అత్యంత ఇష్టమైన కథ. హైడ్రోజన్ అణువుది. రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు, ఇంతకన్నా సరళమైన తటస్థ అణువు లేదు. రెండు తటస్థ పరమాణువులు ఎందుకు అతుక్కుంటాయో పాత భౌతిక శాస్త్రం చెప్పలేకపోయింది. 1927లో వాల్టర్ హైట్లర్, ఫ్రిట్జ్ లండన్ క్వాంటం యాంత్రిక శాస్త్రంతో దాన్ని వివరించారు. ఎలక్ట్రాన్లు రెండింటినీ వేరువేరుగా గుర్తుపట్టలేమన్న వాస్తవం నుంచే బంధం పుట్టుకొచ్చింది. కానీ వారి పద్ధతి ఇచ్చిన బంధ బలం ప్రయోగంలో తేలినదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. కారణం తెలుసు, ఎన్నో వివరాలు పక్కన పెట్టారు. 1933లో జేమ్స్, కూలిడ్జ్ రెండు ఎలక్ట్రాన్ల మధ్య దూరాన్ని నేరుగా ప్రమేయంలోకి తెచ్చి, తేడాను 1 శాతం లోపుకు దించారు. 1968 నాటికి కొవోస్, వొల్నియెవిచ్ అనే పోలండ్ శాస్త్రవేత్తలు కంప్యూటర్లతో చేసిన లెక్క ఒక చిక్కు తెచ్చిపెట్టింది. వర్ణపట శాస్త్రంలో దిట్ట అయిన గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ కొలిచిన విలువ కన్నా వారి లెక్క ప్రకారం బంధం బలంగా ఉంది. తేడా పదివేలలో ఒక వంతు.

అంత చిన్న తేడాను ఎవరు పట్టించుకుంటారు అనుకోవద్దు. ఈ రకమైన లెక్కకు ఒక కట్టుబాటు ఉంది. ఉజ్జాయింపు తరంగ ప్రమేయంతో వచ్చే శక్తి అసలు శక్తి కన్నా దిగువకు పోదు. అంటే లెక్కలో బంధం నిజం కన్నా బలహీనంగా రావచ్చు గానీ బలంగా రాకూడదు. మరి బలంగా వచ్చిందంటే తప్పు లెక్కలోనైనా ఉండాలి, కొలతలోనైనా ఉండాలి. హెర్జ్‌బర్గ్ మళ్లీ ప్రయోగశాలకు వెళ్లి, ఇంకా సూక్ష్మంగా కొలిచారు. 1970లో వెలువడిన కొత్త కొలత లెక్కతో సరిపోయింది. మరుసటి సంవత్సరం ఆయనకు అణువుల మీద చేసిన జీవితకాల కృషికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తాము ఏది వదిలేశారో, దానివల్ల తప్పు ఏ దిక్కుగా వస్తుందో తెలిసినవారు కాబట్టే కొవోస్, వొల్నియెవిచ్ తమ అంకె మీద నిలబడగలిగారు. ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

క్వాంటం కంప్యూటర్ల మీద ప్రసంగాలకు ఈమధ్య జనం బాగా వస్తున్నారు. ప్రకృతి క్వాంటం నియమాలతో నడుస్తుంది కాబట్టి దాన్ని అనుకరించే యంత్రం కూడా క్వాంటం యంత్రమే కావాలని 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ చెప్పింది కూడా ఒక ప్రసంగంలోనే. ఆ ప్రసంగాల్లో తరచుగా వినిపించే ఉదాహరణ నైట్రోజినేజ్ అనే ఎంజైమ్. గాలిలోని నైట్రోజన్‌ను బ్యాక్టీరియా మామూలు ఉష్ణోగ్రత దగ్గరే అమ్మోనియాగా మారుస్తుంది, కర్మాగారాల్లో అదే పనికి 400 డిగ్రీల సెల్సియస్ పైన వేడి, భారీ పీడనం కావాలి. ఆ ఎంజైమ్ నడిబొడ్డున 7 ఇనుము, 1 మాలిబ్డినం, 9 గంధకం, 1 కార్బన్ పరమాణువులున్న గుచ్ఛం ఉంటుంది. అక్కడి ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి ఎంతగా ముడిపడి ఉంటాయంటే సగటు క్షేత్రం పద్ధతి చేతులెత్తేస్తుంది. క్వాంటం కంప్యూటర్ ఇలాంటి చోట నిజంగా పనికొస్తుందనే నా నమ్మకం. అయితే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే మూల భాగాలైన క్యూబిట్లలో ఇప్పటికీ దోషాలు ఎక్కువ. ఒక వక్త చిన్న అణువు మీద ఫలితం చూపిస్తే, అదే లెక్క మామూలు కంప్యూటర్ చేయగలదా, దోషాలను ఎలా సరిదిద్దారు అన్న రెండు సంగతులు విని తీరాలి. ఆశకూ ఫలితానికీ మధ్య గీత ఎక్కడుందో స్పష్టంగా చెప్పే వక్త అంటే నాకు గౌరవం.

వెళ్లినప్పుడు ఎక్కడ కూర్చోవాలి, ఏం రాసుకోవాలి అని కూడా అడిగారు. ముందు వరుసల్లోనే కూర్చోండి, అవి ఖాళీగా ఉంటాయి. గంట ప్రసంగంలో మొదటి పావుగంట సాధారణంగా అందరి కోసం ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా రాసుకోండి. మధ్య భాగం అదే రంగంలో పనిచేసేవారి కోసం. అక్కడ దారి తప్పితే కంగారుపడకండి, పక్క శాఖ ఆచార్యులు కూడా అక్కడే దారి తప్పుతారు. సమీకరణాలన్నీ ఎక్కించుకోవాలని చూడకుండా, "అనుకుందాం", "ఉపేక్షించవచ్చు", "ఈ పరిమితిలో" అన్న మాటలు వినపడ్డప్పుడు మాత్రం కలం కదపండి.

ప్రశ్నల సమయంలో చేయి ఎత్తడానికి జంకు ఉంటుంది. ప్రశ్న చిన్నదిగా, ఒకే వాక్యంగా ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటే గొంతు తడబడదు. "మీరు పక్కన పెట్టినదాన్ని లెక్కలోకి తెస్తే ఫలితం ఎటు మారుతుంది?" అని అడగండి చాలు. సభలో అడగలేకపోతే అయిపోయాక వక్త దగ్గరకు వెళ్లి అడగండి. చాలామంది బోర్డు దగ్గరకు తీసుకెళ్లి మరీ చెబుతారు. వారు చెప్పింది మీకు ఎంతవరకు అర్థమైందో, ఎక్కడ ఆగిపోయిందో నాకు రాయండి. ఆగిపోయిన చోటు నుంచి మనం కలిసి చదువుదాం.

ప్రేమతో,
మీ తాతయ్య