సదర్-ఉస్-సుదూర్: దానాలిచ్చే పెద్దాయన

తెలంగాణలో పాత ఇనాం భూముల కాగితాలు తిరగేస్తే "మదద్ మాష్" అనే మాట తగులుతుంది. బతుకుతెరువుకు సాయం అని దానర్థం. మొగలుల కాలంలో ఇలాంటి భూములు ఇప్పించే అధికారి సదర్, దేశంలోని సదర్లందరికీ పైవాడు దర్బారులో ఉండే సదర్-ఉస్-సుదూర్. సదర్ అంటే అరబ్బీలో ఛాతీ, ముందుభాగం, అలా సభలో ముందు కూర్చునే పెద్ద అయింది. దస్తావేజుల్లో మనం రాసే "సదరు ఆసామి" కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఇంత గొప్ప పేరులో దానం ఊసే లేదు చూడండి!

ఎవరికివ్వాలో అక్బర్ దర్బారులోని అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీ పుస్తకంలో రాశాడు: చదువులో మునిగి లోకం వదిలేసినవాళ్లు, విరాగులు, నిరుపేదలు, ఇంకా పెద్దింట్లో పుట్టి ఏ పనీ చేతగానివాళ్లు. నాలుగోది చదివితే నవ్వొస్తుంది గానీ, అసలు పేచీ జాబితాతో కాదు, అర్హుడెవరో తేల్చే మనిషితో వచ్చింది. అక్బర్ కాలంలో ఆ మనిషి షేక్ అబ్దున్ నబీ. మొదట్లో అక్బర్ ఆయన చెప్పులు తీసి కాళ్ల ముందు పెట్టేంత గౌరవించాడని, తర్వాత జనం షేక్ గారి తరఫున పని చూసే వకీలుకే కాదు, గుమ్మం కాపలావాడికి, గుర్రాలవాడికి, ఊడ్చేవాడికి కూడా లంచాలిచ్చుకోవాల్సి వచ్చిందని ఆనాటి చరిత్రకారుడు బదాయూనీ రాశాడు. బదాయూనీకి అక్బర్ మత విధానమంటే గిట్టదు, అయినా షేక్‌ను వెనకేసుకు రాలేదు. ఇలాంటి భూమి 500 బిఘాలు (బిఘా అప్పటి భూమి కొలత) దాటినవాళ్లు తమ ఫర్మానా, అంటే పాదుషా ఆజ్ఞాపత్రం, పట్టుకుని స్వయంగా పాదుషా ముందుకు రావాలని హుకుం వచ్చింది, 1579లో షేక్‌ను మక్కాకు సాగనంపారు. తిరిగొచ్చాక లెక్కలడిగారు, ఖైదులోనే పోయాడు.

ఆ తర్వాత సదర్ చేతిలో అంత అధికారం మిగల్లేదు. 1690లో ఔరంగజేబు ఈ భూములను వారసత్వం చేసేయడంతో ఒకసారి ఇచ్చినది వంశంలోనే ఉండిపోయింది.

పదవి పేరు మాత్రం నిజాం రాజ్యంలో ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచింది. ఉస్మానియా యూనివర్సిటీ మొదటి వైస్ చాన్సలర్ హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ, నిజాం సర్కారులో సదర్-ఉస్-సుదూరే. హైదరాబాద్ రాష్ట్రం 1955లో ఇనాముల రద్దు చట్టం తెచ్చింది. ఆ భూములు సాగుచేసుకునేవాళ్లు ఓఆర్‌సీ (సాగుహక్కు ధ్రువపత్రం) కోసం ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగడం ఆ చట్టంతో మొదలైందే.