మిషనరీలు కొరియన్ ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

కొరియన్ నేర్చుకోవాలనుకునే మన పిల్లలు తరచూ వినే పేరు సియోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయ భాషాకేంద్రం. 1959లో అది మొదలైంది ప్రధానంగా విదేశీ మిషనరీల కోసం. అప్పటికే వాళ్ళ కొరియన్ చదువుకు ఎనభై ఏళ్ళు దాటాయి.

విదేశీయులకు కొరియాలో ప్రవేశం లేని రోజుల్లో, స్కాట్లాండ్ మిషనరీ జాన్ రాస్ ఈశాన్య చైనాలోని మంచూరియాలో ఉంటూ, కొరియా సరిహద్దు పట్టణం ఉయిజు వాసి యీ ఉంగ్‌చాన్ దగ్గర నేర్చుకున్నాడు. 1877లో షాంఘైలో అచ్చయిన ఆయన వాచకంలో పైన హంగుల్ (కొరియన్ లిపి) వాక్యం, దాని కింద రోమన్ లిపిలో ఉచ్చారణ, ఆ కింద ఇంగ్లీషు అర్థం ఉంటాయి. చిక్కంతా యాసతోనే వచ్చింది. గురువుది వాయవ్య ప్రాంతం కాబట్టి ఆ యాసే వాచకంలోకీ, 1887 నాటి బైబిల్ కొత్త నిబంధన అనువాదంలోకీ దిగింది. సియోల్ మిషనరీలు మళ్ళీ మొదటినుంచీ అనువదించుకోవాల్సి వచ్చింది.

ఫ్రెంచ్ కాథలిక్కుల నిఘంటువు 1880లో, వ్యాకరణం 1881లో జపాన్‌లోని యొకొహామాలో అచ్చయ్యాయి. 1885లో కొరియా చేరిన అమెరికన్ మిషనరీ అండర్‌వుడ్ వ్యాకరణమూ, చిన్న నిఘంటువూ 1890లో యొకొహామాలోనే వెలువడ్డాయి.

పుస్తకాలున్నా అసలు చదువు జీతానికి పెట్టుకున్న పంతులు దగ్గరే. ఆయన చైనీస్ గ్రంథాలు చదువుకున్న పండితుడు. సొంత భాషకు వ్యాకరణం చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ప్రశ్నలు వేసి రాబట్టుకోవడం విద్యార్థి పని. క్రియ వాక్యం చివర్న రావడం తెలుగువాళ్ళకు వింతేమీ కాదు గానీ ఇంగ్లీషువాళ్ళకు అదే మొదటి గండం. రెండోది మర్యాద. మనకు 'వెళ్ళు', 'వెళ్ళండి' చాలు. ఆ రోజుల్లో అక్కడ పిల్లలతో 'కారా', చనువున్న చిన్నవాళ్ళతో 'కాగే', సాటివాళ్ళతో 'కాఓ', పెద్దలతో 'కాషిప్షియో' అనాల్సి వచ్చేది. నౌకర్లతో, పిల్లలతో మాట్లాడి భాష పట్టినవాడు ఊరిపెద్దను 'కారా' అంటే అది అవమానమే. కెనడా మిషనరీ జేమ్స్ గేల్ 1894లో ఈ క్రియారూపాల మీదే ప్రత్యేకంగా పుస్తకం వేశాడంటే అవసరం ఎంతటిదో తెలుస్తుంది. ప్రెస్బిటేరియన్ మిషన్ కొత్తవాళ్ళకు మూడేళ్ళ పాఠ్యక్రమం, పరీక్షలు పెట్టింది.

ఇన్ని జాగ్రత్తలున్నా ఎవరికి దొరికిన పంతులును బట్టి వాళ్ళకు భాష వచ్చింది. ఆ తేడాను తగ్గించింది తరగతి గది. యోన్సేలో భాషావేత్త పార్క్ చాంగ్‌హే వాక్య నమూనాలను పదేపదే పలికించే పాఠాలు తయారుచేశాడు. 1960లలో ఫ్రాన్సిస్కన్లు అనే కాథలిక్ సన్యాసులు సియోల్‌లోనే మ్యొంగ్‌దోవొన్ అనే భాషాపాఠశాల తెరిచారు. ఇప్పుడు యోన్సేలో ఒక్కో స్థాయి పది వారాలు, 200 గంటలు. మొత్తం ఆరు స్థాయిలు.