మెయిల్ సర్వర్ లాగ్‌లో నిస్ పేరు ఎందుకొస్తుంది?

తిరుపతి ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌ను మొదటిసారి నిలబెట్టిన వాళ్లకు లాగ్‌లో ఒక హెచ్చరిక ఎదురు కావచ్చు. నిస్ డొమైన్ పేరు పెట్టలేదు కాబట్టి నిస్‌లో వెతకడం ఆపేశానని దాని సారాంశం. నిస్ అంటే నెట్‌వర్క్‌లోని మెషీన్లన్నిటికీ ఒకే చోటి నుంచి పేర్ల పట్టికలు అందించే పాత సర్వీసు. మెయిళ్లు మాత్రం చక్కగా వస్తూ పోతూ ఉంటాయి. 'మనం నిస్ పెట్టనే లేదు కదా సార్, మరి ఇదెక్కడిది?' అని అడుగుతారు. జవాబు కోసం 1980ల్లోకి వెళ్లాలి.

ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు బయటికొచ్చింది. మన ఊళ్లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం మొదలైన ఏడాది కూడా అదే. ఏ పేరుకొచ్చిన మెయిల్‌ను ఎవరికి అందించాలో సెండ్‌మెయిల్‌కు ఎలియాసెస్ అనే చిన్న ఫైలు చెప్పేది. ఒక్క మెషీన్ ఉంటే అది చాలు. పది మెషీన్లుంటే పది చోట్లా ఒకే ఫైలు ఉంచాలి. ఒకచోట దిద్ది ఇంకోచోట మరిచిపోతే, బదిలీ అయిన ఉద్యోగికే మెయిళ్లు పోతూనే ఉంటాయి.

ఈ బాధ తీర్చడానికి సన్ మైక్రోసిస్టమ్స్ ఎల్లో పేజెస్ తెచ్చింది. ఒక మాస్టర్ సర్వర్‌లో పాస్‌వర్డ్ ఫైలు, హోస్ట్‌ల పట్టిక, మెయిల్ ఎలియాస్‌లు ఉంటాయి. మిగతా మెషీన్లు నెట్‌వర్క్ మీద దాన్నే అడుగుతాయి. బ్రిటన్‌లో ఆ పేరు బ్రిటిష్ టెలికామ్ ట్రేడ్‌మార్క్ కావడంతో తర్వాత దాన్ని నిస్‌గా మార్చారు. వైపీ అనే రెండక్షరాలు మాత్రం కమాండ్లలో మిగిలిపోయాయి.

సౌకర్యం గొప్పదే, భద్రత మాత్రం దాదాపు శూన్యం. డొమైన్ పేరు తెలిసి నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఒక్క కమాండుతో అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లనూ, అంటే గిలకొట్టి దాచిన పాస్‌వర్డ్‌లనూ, లాగేసుకోవచ్చు. దాన్ని సరిదిద్దాలని సన్ నిస్ ప్లస్ తెచ్చింది. అది నడపడం ఎంత తలనొప్పంటే, చివరికి సన్‌ను కొన్న ఒరాకిల్ సొలారిస్ 11లో దాన్ని తీసేసింది.

1998 చివర్లో వీట్సె వెనెమా పోస్ట్‌ఫిక్స్‌ను విడుదల చేసేనాటికి యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో నిస్ మామూలు సంగతి. అందుకే నిస్ ఉన్న సిస్టమ్‌లలో ముందు స్థానిక ఎలియాస్ ఫైలు, తర్వాత నిస్ పట్టిక చూడాలని పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్‌గా పెట్టుకుంది. ఆ డిఫాల్టే మన లాగ్‌లో మాట్లాడుతోంది. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఎలియాస్ మ్యాప్స్ వరుసను మనమే రాసి, అందులో హ్యాష్ రకం స్థానిక ఎలియాస్ ఫైలు ఒక్కటే ఉంచితే ఆ హెచ్చరిక పోతుంది. ఇంత చిన్న పనికి సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే వాళ్లున్నారు, అదే ఆశ్చర్యం. నిస్ విషయానికొస్తే, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో దాని ప్యాకేజీలే లేవు.

నిస్ స్థానంలోకి ఎల్‌డాప్ వచ్చింది. మనుషుల, ఖాతాల వివరాలుండే డైరెక్టరీని నెట్‌వర్క్ మీద అడిగే పద్ధతి అది. 1988 నాటి ఎక్స్.500 డైరెక్టరీ ప్రమాణం చిన్న కంప్యూటర్లకు మోయలేని బరువు. దాన్ని ఇంటర్నెట్ మీద తేలిగ్గా అడగడానికి మిషిగన్ యూనివర్సిటీకి చెందిన టిమ్ హోవ్స్, మరికొందరు చేసిన పని 1993లో తొలి ఎల్‌డాప్ ప్రమాణంగా వెలువడింది. నిస్ పట్టికలను ఎల్‌డాప్‌లో ఎలా పెట్టుకోవాలో చెప్పే పత్రం 1998లో వచ్చింది. 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ వచ్చేనాటికి కొత్త క్యాంపస్‌కు డైరెక్టరీ అంటే ఎల్‌డాప్ అనో, మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ అనో అనుకోవడం పరిపాటి అయింది.

పోస్ట్‌ఫిక్స్‌ను ఎల్‌డాప్‌కు కలిపినా పాత డిఫాల్టులు మనల్ని వదలవు. వెతికే ఫిల్టర్‌గా పోస్ట్‌ఫిక్స్ తనంతట తాను పెట్టుకునే మెయిల్‌యాక్సెప్టింగ్‌జనరల్‌ఐడీ అనే లక్షణం (యాట్రిబ్యూట్) మామూలు డైరెక్టరీల్లో ఉండదు. ఫిల్టర్ మనమే రాయాలి, ఫలితంగా ఏ లక్షణం తీసుకోవాలో కూడా మనమే చెప్పాలి. ఎల్‌డాప్ ప్రోటోకాల్ వెర్షన్ కూడా చాలా ఏళ్లు 2 గానే ఉండేది. ఆ వెర్షన్‌ను 2003లోనే చరిత్రలోకి నెట్టేశారు. కాబట్టి వెర్షన్ 3 అని స్పష్టంగా రాయడం మేలు.

ఫిల్టర్ రాసేటప్పుడు మన జిల్లా పేర్లను మరవకూడదు. ఏ క్లాసు హాజరుపట్టీ తీసినా వెంకటేశులు, శ్రీనివాసులు, మునిరత్నం, పద్మావతి ఒకరికి మించి కనిపిస్తారు. పేరుతో వెతికే ఫిల్టర్‌కు ముగ్గురు దొరికితే పోస్ట్‌ఫిక్స్ ఒకరిని ఎంచుకోదు, ముగ్గురి చిరునామాలనూ కామాలతో కలిపి ఇస్తుంది. మెయిల్ ముగ్గురికీ పోతుంది. ఒకరి మార్కుల సంగతి ఇద్దరు పరాయివాళ్లు చదువుతారు. ఫలితాల పరిమితిని, అంటే ఎక్స్‌పాన్షన్ లిమిట్‌ను, 1కి కుదిస్తే ఇలాంటి చోట వెతుకులాట తాత్కాలిక పొరపాటుగా ఆగుతుంది. నా ఓటు మాత్రం పేరుకు కాదు, రోల్ నంబరుకు.

ఎల్‌డాప్ సర్వర్ నిద్రపోతే ఏమవుతుందన్నది అసలు చిక్కు. చిరునామా లేదని పోస్ట్‌ఫిక్స్ అనేయదు, తాత్కాలికంగా కనుక్కోలేకపోయానని 451 కోడ్‌తో జవాబిస్తుంది. పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి మెయిల్ గల్లంతు కాదు, ఆలస్యమవుతుంది. అయితే డైరెక్టరీ పడిపోయిందని అడ్మిన్‌కు చెప్పాల్సిన అలర్ట్ మెయిల్ కూడా అదే డైరెక్టరీ కోసం ఆగితే గొడవే. పట్టికలను పోస్ట్‌ఫిక్స్ రాసిన వరుసలోనే చూస్తుంది, మొదట దొరికిన జవాబుతో ఆగిపోతుంది. కాబట్టి రూట్, పోస్ట్‌మాస్టర్, అలర్ట్‌ల చిరునామాలు స్థానిక ఫైల్‌లోనే ఉంచి, ఆ ఫైలును ఎల్‌డాప్ కన్నా ముందు రాయాలి. ఆ అలర్ట్ చేరాల్సిన పెట్టె కూడా అదే మెషీన్‌లో ఉండాలి.