ఎండిన చెరువులో నీటి సాక్ష్యం

ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో రోడ్డు సర్వే చేస్తే చాలా చెరువుల్లో పిల్లలు క్రికెట్ ఆడుతూ కనిపిస్తారు. వంకల్లో ఇసుక తప్ప చుక్క నీరుండదు. నవంబర్‌లో వాయుగుండం పడితే కథే వేరు. 2021 నవంబర్‌లో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఏది నీటి నేల (చిత్తడి నేల), ఏది కాదు అన్నది సర్వే బృందం ఏ నెలలో వచ్చిందన్న దాన్ని బట్టి తేలకూడదు. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, చిత్తూరు–తచ్చూరు రహదారి లాంటివి ఈ గొలుసుకట్టు చెరువుల సీమ మీదుగానే వేస్తున్నారు కాబట్టి ఇది మనకు చాలా దగ్గరి ప్రశ్న.

నీరు లేని రోజున కూడా నీటి జాడ పట్టుకోవచ్చు. ఒక అడుగున్నర లోతు గుంట తవ్వితే చాలు. మన ఎర్రనేలకు ఆ రంగు ఇనుము తుప్పు వల్ల వచ్చింది. మట్టి రంధ్రాల్లో నీరు నిండితే గాలి చొరబడలేదు, ఎందుకంటే ఆక్సిజన్ గాలిలో కన్నా నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే వాడేస్తాయి. తర్వాత నైట్రేటు, మాంగనీసు, ఆపైన ఇనుము తుప్పు ఆక్సిజన్‌కు బదులుగా వాటికి ఆధారమవుతాయి. అలా మారిన ఇనుము నీటిలో కరిగి జరిగిపోతుంది, మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. ఎండాకాలంలో నెర్రెల గుండా గాలి దిగినప్పుడు అదే ఇనుము మళ్లీ తుప్పుపట్టి, బూడిద మట్టిలో నారింజ రంగు చుక్కలుగా మిగులుతుంది. జమ్ము, వరి వేళ్ల చుట్టూ ఈ తుప్పు గొట్టంలా పేరుకుంటుంది. ఆ మొక్కలు తమ కాడల్లోని గాలి గదుల గుండా వేళ్లకు ఆక్సిజన్ పంపుకుంటాయి, అందులో కొంత బయటికి కారుతుంది. ఏడాదిలో కొన్ని వారాలు నీళ్లు నిలిచే నేల తన చరిత్రను ఇంత స్పష్టంగా దాచుకోవడం నాకు ఎప్పుడూ అద్భుతంగానే ఉంటుంది.

అయితే మట్టి ఒక్కటే చాలదు. నీరు మళ్లించేసిన నేలలో కూడా పాత బూడిద రంగు ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, కొత్తగా పూడిక పడ్డచోట రంగు ఇంకా మారకపోవచ్చు. అందుకే తుంగ, జమ్ము, నీరుగొబ్బి లాంటి మొక్కలనూ, చెట్ల మొదళ్ల మీద నీటి మట్టం గీతలనూ, కొట్టుకొచ్చిన చెత్త ఆగిన చోట్లనూ కలిపి చూస్తారు. చిత్తడి నేలలను గుర్తించడానికి అమెరికా సైనిక ఇంజినీర్లు రాసుకున్న 1987 మాన్యువల్ మొక్కలు, మట్టి, నీరు అనే మూడింటి సాక్ష్యాన్నీ అడుగుతుంది. అక్కడ చట్టం పరిధిలోకి వచ్చే చిత్తడిని పూడ్చాలంటే 1972 నాటి శుద్ధజల చట్టం 404వ సెక్షన్ కింద అనుమతి కావాలి. కానీ 2023లో అక్కడి సుప్రీంకోర్టు, చట్టం పరిధిలోని నదులు, సరస్సులతో ఉపరితలం మీద ఎడతెగకుండా కలిసిన చిత్తడులకే ఆ చట్టం వర్తిస్తుందని పరిధి కుదించింది. ఆ కొలత మన సీమకు పెడితే ఏం మిగులుతుంది? ఇక్కడ పై చెరువుకూ కింది చెరువుకూ ఉన్న బంధం, మొరవ (చెరువు నిండాక మిగులు నీరు పొర్లే చోటు) పారే నాలుగు రోజులే కంటికి కనిపిస్తుంది.

మన చట్టం ఇంకో చోట గీత గీసింది. 2017 చిత్తడి నేలల నిబంధనలు చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ కింద గుర్తింపు ఉన్నవాటికీ, ప్రభుత్వం నోటిఫై చేసినవాటికీ వర్తిస్తాయి. గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడాలు కూడదు. కానీ నదీ గర్భాలు, వరి మళ్లు, సాగునీటి కోసమే కట్టిన చెరువులు ఆ నిర్వచనంలోనే లేవు. అంటే మన చెరువుల్లో అధికభాగం బయటే. వాటి సంగతి రెవెన్యూ రికార్డులో చెరువు పోరంబోకు అని ఉందా, జలవనరుల శాఖ ఏమంటుంది అన్నదానిపై నడుస్తుంది. పులికాట్ సరస్సు దారి వేరు. అది పక్షుల అభయారణ్యం, కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలో కట్ట మీద వెళ్లే రోడ్డును చూసినవాళ్లకు, నీటికి అడ్డంగా మట్టి పోయడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది చెరువుకు నీళ్లు తెచ్చే వరవ కాలువలు, చిన్న వంకలు. చెరువు మీదుగా రోడ్డు వేస్తామంటే ఊరంతా కదులుతుంది. రెండు మీటర్ల వెడల్పున్న కాలువను కట్టతో మూసేస్తే ఎవరూ గమనించరు, రెండేళ్ల తర్వాత చెరువు నిండటం మానేస్తుంది. పై నుంచి తీసిన చిత్రాల్లో ముళ్ల చెట్ల కింద ఈ కాలువలు దొరకవు. ఊళ్లో చెరువు నీళ్లు పంచే నీరుగంటి పని చేసిన కుటుంబాలకు మాత్రం ఏ సర్వే నంబర్లో ఏ వంక తిరుగుతుందో తెలుసు.

పర్యావరణ అనుమతి కావలసిన రోడ్డుకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, అడగాల్సింది అక్కడే: మా ఊరి వంకలు మీ పటంలో ఒక్కొక్కటీ ఉన్నాయా? ప్రతి వంకకూ కల్వర్టు ఉందా? దాని అడుగు మట్టం వంక అడుగు మట్టానికి సమానంగా ఉందా? వంక మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున పెట్టిన తూరలోంచి పెద్ద వరద పోతుంది గానీ, మామూలు వాన నీరు రోడ్డు కట్టకు ఇవతలే నిలిచి ఇంకిపోతుంది.