ఎండ పడని పిల్లలు: అపోహలు - వాస్తవాలు

‘‘మా వంశంలో ఎవరికీ లేదు డాక్టరుగారూ, ఇది వంశపారంపర్యం ఎలా అవుతుంది?’’ ఎండ తగిలితే చర్మం దెబ్బతినే జబ్బు, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ (ఎక్స్‌పీ) అని తేలిన ప్రతి ఇంటి నుంచీ నేను వినే మొదటి మాట ఇదే. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహా ఇదే.

వాస్తవం: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జన్యువు ప్రతులు రెండూ చెడితేనే ఈ జబ్బు వస్తుంది. ఒక్కటే చెడినవాళ్లు నిక్షేపంగా ఉంటారు. అలా తరాలకు తరాలు బయటపడకుండానే గడిచిపోతాయి. మేనరికాల్లో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ, బయటి సంబంధాల్లోనూ రావచ్చు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కోటి చెడి ఉంటే, ప్రతి కాన్పుకూ 25 శాతం ముప్పు ఉంటుంది. ‘ఒకరికి వచ్చేసింది, ఇక మిగతావాళ్లకు రాదు’ అనే లెక్క లేదు.

ఆ లెక్కే నమ్మిన ఒక జంట నాకింకా గుర్తు. మూడేళ్ల పాప ముక్కు మీద, బుగ్గల మీద నల్లటి చుక్కలు. గౌను మెడ కింద మాత్రం గీత గీసినట్టు చర్మం శుభ్రంగా ఉంది. పరీక్ష చేయిద్దామంటే వెళ్లిపోయారు. మళ్లీ వచ్చేసరికి చంకలో ఎనిమిది నెలల బాబు. టీకాకు తీసుకెళ్లిన కాసేపటి ఎండకే ముఖమంతా బొబ్బలు. కడుపుతో ఉండగా గ్రహణం చూసిందని నాయనమ్మ కోడలినే తిడుతోంది. ‘‘అమ్మా, ఇందులో మీ అబ్బాయి వాటా సరిగ్గా సగం’’ అన్నాను. ఆ తల్లి అప్పుడు తలెత్తింది.

ఈ జబ్బులో ఎనిమిది రకాలున్నాయి. ఆ పిల్లలది ఎక్స్‌పీ-డి. ఎండకు దెబ్బతిన్న చోట డీఎన్‌ఏ పేటలను విడదీసే హెలికేజ్ ఎంజైమే అందులో పనిచేయదు. పేటలు విడితేనే చెడిన ముక్కను కత్తిరించి కొత్తది వేయడం కుదురుతుంది. అందుకే ‘లేత ఎండే కదా, అలవాటవుతుంది’ అనకండి. అలవాటు కాదు, దెబ్బలు పోగుపడతాయి. పదేళ్లలోపే చర్మ క్యాన్సర్ రావచ్చు. ఎండ తగలక తగ్గే డి విటమిన్‌ను మందుగా ఇస్తాం.

అంటువ్యాధా? కాదు. క్రీములతో నయమవుతుందా? కాదు, కానీ సన్‌స్క్రీన్ తప్పనిసరి. కిటికీ అద్దం చాలా? చాలదు, అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం దాన్ని దాటుకొస్తుంది.

మరో బిడ్డను కనాలనుకుంటే ముందు ఉన్న బిడ్డకు జన్యు పరీక్ష చేయించండి. లోపం ఏ జన్యువులో, ఎక్కడుందో తెలిస్తేనే 11-13 వారాల్లో మాయ నుంచి నమూనా తీసి చూడగలం.