మిలియన్ పాలసీ, లక్ష డాలర్ల సీటు: సొంత విమానం ఉన్నవాళ్ల అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా అదే ఫోన్. డాలస్ దగ్గర ఉండే ఒక తమ్ముడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి ఏడాది, 1976 నాటి సెస్నా 172 కొనుక్కున్నాడు. "అన్నా, మిలియన్ లయబిలిటీ ఉంది, ఇంకేం చూసుకోవాలి?" అన్నాడు. లయబిలిటీ అంటే మన విమానం వల్ల వేరేవాళ్లకి జరిగే నష్టానికి ఉండే బీమా, మిలియన్ అంటే పది లక్షల డాలర్లు. డిక్లరేషన్స్ పేజీ, అంటే పాలసీ పరిమితులు రాసి ఉండే పేజీ, ఫొటో తీసి పంపమన్నాను. ఉన్నది మిలియనే. దాని పక్కనే ఇంకో ముక్క: ఒక్కో ప్యాసింజర్‌కి లక్ష డాలర్లు మించకుండా.

ఏవియేషన్ ఇన్సూరెన్స్ బ్రోకర్‌గా పదకొండేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఈ ముక్క గురించే. ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: మిలియన్ పాలసీ ఉంటే ఎవరికేమైనా మిలియన్ ఇస్తారు.

వాస్తవం: పక్క సీట్లో ఒక్కరే ఉండి వాళ్లకి దెబ్బ తగిలితే మీ కంపెనీ ఇచ్చేది లక్ష. ముగ్గుర్ని ఎక్కించుకుంటే మూడు లక్షలు. మిగతా ఏడు లక్షలు విమానం బయటున్నవాళ్లకి: కింద ఎవరిదో ఇల్లు, ర్యాంప్ (విమానాలు నిలిపే చోటు) మీద పక్కవాళ్ల జెట్. మనం వారాంతాల్లో ఎక్కించుకునేదేమో అమ్మానాన్నల్ని, పిల్లల్ని, స్నేహితుల్ని. పైగా ఆ లక్షలోనే, చాలా పాలసీల్లో, ఆ ప్యాసింజర్ భార్యా పిల్లలు వేసే క్లెయిములు కూడా సర్దుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. కొన్ని పాలసీల్లో 'ఈచ్ ప్యాసింజర్' అని ఉంటుంది, కొన్నింటిలో 'ఈచ్ పర్సన్' అని. రెండోది ఇంకా చెడ్డది. కింద పొలంలో నిలబడ్డ మనిషికి కూడా అదే లక్ష వర్తిస్తుంది. ఇలా మనిషికింత అని పెట్టే సబ్‌లిమిట్లేవీ లేని దాన్ని మా వాళ్లు 'స్మూత్' అంటారు. కోట్ అడిగేటప్పుడు ఆ మాట నోటితో అడగండి. అడగకపోతే చాలాసార్లు లక్ష సబ్‌లిమిట్‌తోనే వస్తుంది.

అపోహ: మా ఫ్రెండ్ నా మీద కేసు వేస్తాడా?

వాస్తవం: వేయడు. వాడి హెల్త్ ఇన్సూరెన్స్ వేస్తుంది.

నా క్లయింట్ ఒకాయన ల్యాండింగ్‌లో రెండుసార్లు బౌన్స్ అయ్యి, మూడోసారి ముక్కు చక్రం విరగ్గొట్టుకున్నాడు. పక్కన కూర్చున్నది ఇంజనీరింగ్ కాలేజీ రూమ్మేట్. వెన్నుపూస ఒకటి చిట్లింది. సర్జరీ, ఫిజియోథెరపీ కలిపి బిల్లు రెండు లక్షల డాలర్లు దాటింది. ఆస్పత్రిలో చేతులు పట్టుకుని "ఏం కాదులేరా" అన్నాడు రూమ్మేట్. నాలుగు నెలలకి అతని ఆఫీసు హెల్త్ ప్లాన్ తరఫున ఉత్తరం వచ్చింది: మేం కట్టిన డబ్బు పైలట్ నుంచి రాబట్టుకుంటాం అని. దీన్నే సబ్రోగేషన్ అంటారు. స్నేహం ఆ ఉత్తరంలో ఎక్కడా ఉండదు. మావాడి పాలసీ లక్ష దగ్గర ఆగింది. టెక్సస్‌లో ఉంటున్న ఇంటి జోలికి మామూలుగా రారు గానీ షేర్లున్నాయి, హైదరాబాద్‌లో ఫ్లాట్ కోసం దాచిన డబ్బుంది. రెండేళ్లు నలిగాడు. ఇద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవట్లేదని విన్నాను. ఆ కేసు తర్వాతే నేను డిక్లరేషన్స్ పేజీ చూడకుండా ఎవరికీ "బాగుంది" అని చెప్పడం మానేశాను.

అపోహ: పాత విమానమే కదా, చిన్న పాలసీ చాలు.

వాస్తవం: హల్‌కి, అంటే విమానానికే చేసే బీమాకి, చాలొచ్చు, లయబిలిటీకి తిరకాసు. అమెరికాలో 1994లో వచ్చిన జీఏఆర్‌ఏ (జనరల్ ఏవియేషన్ రివైటలైజేషన్ యాక్ట్) చట్టం ప్రకారం చిన్న విమానం తొలి కొనుగోలుదారుకి అంది 18 ఏళ్లు దాటితే, కొద్ది మినహాయింపులు పోను, తయారీదారు మీద దావా వేయలేరు. అప్పుడు లాయరు ఎవరి వైపు చూస్తాడు? ఓనర్ వైపు, మెకానిక్ వైపు. హల్ విలువ మీద గంటసేపు బేరమాడేవాళ్లు లయబిలిటీ అంకె మీద నిమిషం కూడా ఆగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అపోహ: రూల్ ఒక్కటి తప్పినా కంపెనీ పైసా ఇవ్వదు.

వాస్తవం: హ్యాంగర్ కబుర్లు. పైలట్ పొరపాట్ల కోసమే కదా పాలసీ! కానీ మెడికల్ (పైలట్ ఆరోగ్య పరీక్ష), ఫ్లైట్ రివ్యూ (పైలట్ నైపుణ్య పరీక్ష), యాన్యువల్ (విమానానికి ఏటా చేసే తనిఖీ) గడువు దాటనివ్వకండి. యాన్యువల్ లేకపోవడం వల్లే ప్రమాదం జరగకపోతే దాన్ని సాకుగా చూపి ఎగ్గొట్టడానికి వీల్లేదని 1984లో పకెట్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పింది. అన్ని రాష్ట్రాల్లోనూ అలా లేదు. మీరు కాక ఇంకెవరు నడపొచ్చో చెప్పే ఓపెన్ పైలట్ క్లాజు కూడా చదవండి. అందులో రాసినన్ని గంటలు లేని స్నేహితుడికి తాళాలివ్వకండి.

మిగతావి గబగబా. ఎల్‌ఎల్‌సీ (సొంత చిన్న కంపెనీ) పేరు మీద కొన్నా, నడిపింది మీరైతే మీ తప్పు మీదే. ఇంటి మీదున్న అంబ్రెల్లా పాలసీ (అదనపు లయబిలిటీ పాలసీ) సాధారణంగా విమానాల్ని మినహాయిస్తుంది. అద్దె విమానానికి ఇచ్చేవాళ్ల పాలసీ చాలాసార్లు వాళ్లనే కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. మీది కాని విమానం నడిపేటప్పుడు పనికొచ్చే నాన్-ఓన్డ్ పాలసీ విడిగా తీసుకోవాలి.

ఆ తమ్ముడి భార్య కూడా ఫోన్ చేసింది. అత్తమామలు గుంటూరు నుంచి వచ్చే నెల వస్తున్నారట. "విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది కదండీ?" అంది. చాలా ప్లాన్లలో రెగ్యులర్ ఎయిర్‌లైన్ కాని విమానంలో జరిగినదానికి కవరేజీ ఉండదని చెప్పేసరికి గొంతు వణికింది. భయపడాల్సిన పని లేదమ్మా, ఇది సరిచేయగలిగిందే అన్నాను.

స్మూత్ అడిగితే, నడిపిన గంటలు తక్కువని అండర్‌రైటర్ (పాలసీ ఇవ్వాలా వద్దా తేల్చే కంపెనీ మనిషి) ఒప్పుకోలేదు. కొత్త పైలట్లకి ఇది మామూలే. ఒక్కో ప్యాసింజర్‌కి రెండు లక్షల వరకు ఇస్తామన్నారు. తీసుకున్నాడు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మబ్బుల్లోనూ పరికరాలు చూసి నడిపే అర్హత) వచ్చాక మళ్లీ అడుగుదాం అని డైరీలో రాసుకున్నాను. అప్పటిదాకా అమ్మానాన్నల్ని ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్లి విమానం చూపిస్తాడట, ఎక్కించడట. ఆ షరతు భార్యది, నాది కాదు.