నూతి లెక్క గోడమీద వేలాడాలి

పర్లాకిమిడి

పిల్లలూ,

నీటి సంఘం వాళ్ళు ఏడాది పాటు రాసిన నూతి లెక్కల పుస్తకం మీ చేతికిచ్చి, ఫిబ్రవరిలో జరిగే పల్లిసభకి, అంటే ఊరిసభకి, ఓ గ్రాఫు పటం గీసిపెట్టమన్నారట. స్కెచ్ పెన్నుల మూత తీసేముందు ఇది చదవండి.

ఆ పుస్తకంలో ఉన్న అంకె ఏమిటో ముందు తేల్చుకోండి. నూతిలో ఎన్ని అడుగుల నీళ్ళున్నాయన్నది కాదు అది. నేల నుంచి నీళ్ళ దాకా ఎంత దూరం అన్నది. జనవరిలో 14, మేలో 27 అని ఉందనుకోండి. బడిలో నేర్పినట్టు సున్నా అడుగున పెట్టి నెలకో నిలువు పట్టీ చొప్పున కమ్మీలు పైకి గీశారా, మే నెల కమ్మీ అన్నిటికంటే ఎత్తుగా నిలబడుతుంది. వెనక వరసలో కూర్చున్న మామ్మ అది చూసి, "మేలోనే నీళ్ళు బాగున్నాయే!" అనుకుంటుంది. తప్పు మామ్మది కాదు. ధాన్యం రాశయినా, పుస్తకాల దొంతరయినా ఎత్తుగా ఉంటే ఎక్కువున్నట్టే కదా.

కాబట్టి పటాన్ని తిరగెయ్యండి. సున్నా పైన పెట్టి దానికి 'నేల' అని పేరు రాయండి. కమ్మీలు చేదతాళ్ళలా అక్కణ్ణుంచి కిందికి దిగాలి. మే నెల తాడు అందరికంటే పొడుగ్గా వేలాడుతుంది. ఇక చదువురాని వాళ్ళకీ, మన తెలుగు సరిగా రాని సవరవాళ్ళకీ మీరు విడిగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

బజార్లో దొరికే చార్టు 22 అంగుళాలకి 28. అంటే సుమారు 56 సెంటీమీటర్లకి 71. నిలువుగా పెట్టుకోండి. అడుగుకి 2 సెంటీమీటర్లు తీసుకుంటే 30 అడుగులకి 60 అవుతుంది. పైన మిగిలిన 11లో శీర్షికకి 8, నెలల పేర్లకి 3. అడ్డంగా నెలకి 4 సెంటీమీటర్ల చొప్పున 48 పోతుంది: కమ్మీ 3, సందు 1. ఎడమవైపు మిగిలిన 8లో అడుగుల అంకెలు. అడుగడుక్కీ గీత గియ్యకండి, పటం చేపల వలలా తయారవుతుంది. 5, 10, 15 దగ్గర సన్నటి పెన్సిలు గీత చాలు. ప్రతి కమ్మీ చివర దాని అంకె వెయ్యండి.

ఇప్పుడు అసలు గీత. ఊరి తాడు నూతిగట్టు పైనుంచి 28 అడుగులు దిగుతుందనుకుందాం. గట్టు ఎత్తు 3 అడుగులు. పుస్తకంలో లెక్క నేల నుంచి కాబట్టి ఆ 3 తీసెయ్యాలి. 25 దగ్గర పటానికి అడ్డంగా ఎర్రగీత గీసి 'మన తాడు ఇక్కడిదాకా' అని రాయండి. గట్టు ఎత్తు తియ్యడం మరిచిపోతే గీత 28 దగ్గర పడి, ఏ నెలా దాన్ని దాటదు, కష్టమే లేదన్నట్టు ఉంటుంది పటం. సరిగ్గా పడితే గీత దాటిన నెలల్లో చేద నీళ్ళని అందుకోదని చూడగానే తెలుస్తుంది.

శీర్షిక 'నెలవారీ నీటిమట్టం వివరాలు' అని పెట్టకండి. ఆఫీసు ఫైలు అట్ట మీద రాసే మాట అది. 'కిందవీధి నూతికి వేసవిలో తాడు చాలదు' అని రెండు వరసల్లో రాయండి. 3 సెంటీమీటర్ల అక్షరమైతే పది పన్నెండు అడుగుల దూరానికి ఆనుతుంది. మన ఒత్తులు కిందికి దిగుతాయి కనుక వరసల మధ్య చోటు వదలండి. ఆ వాక్యం మీకు తట్టకపోతే గీత మొదలుపెట్టకండి. ఏం చెప్పాలో తెలీని పటానికే రంగులన్నీ పూస్తారు.

రెండు నూతుల సగటు తియ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పైవీధిది 11, కిందవీధిది 27, సగటు 19. ఊళ్ళో 19 అడుగుల నుయ్యి ఏదీ? ఒకే కొలతతో రెండు పటాలు గీసి పక్కపక్కన పెట్టండి.

కొలవని నెల ఉంటే అటూ ఇటూ చూసి మధ్య అంకె వేసెయ్యకండి. చుక్కల గీతతో ఖాళీ గడి గీసి 'కొలవలేదు' అని రాయండి. ఓ నెల అంకె చుట్టుపక్కల వాటితో పొసగకపోతే కారణం వెతికి పక్కనే నాలుగు మాటలు రాయాలి. పాత పుస్తకంలో 2018 ఉందా చూడండి. ఆ అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాని ముంచెత్తింది. ఆ నెల లెక్కని మామూలు అక్టోబరుతో కలిపి చూపిస్తే జనం మోసపోతారు.

వచ్చే ఏడాది కొలత మీరే తీస్తారేమో. తాడుకి అడుగడుక్కీ ముడి వెయ్యకండి, ముడి పడేకొద్దీ తాడు పొట్టిదవుతుంది. రంగుదారం చుట్టండి. కొసకి చిన్న స్టీలు గ్లాసు బోర్లా కట్టి దింపితే నీళ్ళని తాకగానే టప్పుమంటుంది. అదే గుర్తు. పొద్దున్నే, ఎవరూ తోడకముందు, గట్టు మీద ఒకే చోటి నుంచి కొలిచి, గట్టు ఎత్తు తీసేసి పుస్తకంలో రాయాలి. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది, మీరు నెలనెలా కొలవండి.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు వీధుల పటం గీసి జబ్బుకి మూలమైన నీటి పంపుని పట్టుకున్నాడని చెబుతారు. నిజానికి ముందు ఇళ్ళ చుట్టూ తిరిగి ఎవరు ఏ నీళ్ళు తాగారో అడిగాడు. పంపు చెయ్యి ఊడదీసిన తరవాతే ఆ పటం అచ్చయింది. మీరూ సభకి ముందు కిందవీధిలో నాలుగిళ్ళకి వెళ్ళి, మేలో నీళ్ళెక్కణ్ణుంచి తెచ్చుకున్నారో అడిగి రండి. ఆ జవాబు పటం అడుగున ఒక్క వాక్యంగా చేర్చండి.

కంప్యూటర్‌లో గీస్తామంటే సరే. ఎక్సెల్‌లో పక్కన అంకెలున్న నిలువు గీత మీద రెండుసార్లు నొక్కి 'వాల్యూస్ ఇన్ రివర్స్ ఆర్డర్' ఎంచుకుంటే కమ్మీలు కిందికి తిరుగుతాయి, నెలల పేర్లు పైకొస్తాయి. అంకెలు సున్నాతోనే మొదలయ్యాయో లేదో చూసుకోండి. త్రీడీ కమ్మీల జోలికి పోకండి, కొస ఎక్కడుందో తెలీదు.

మీ తాత

తా.క.: శీర్షిక ఒడియాలో కూడా కావాలి, వేరే కాగితం పట్టీ మీద రాసి పైన అతికించండి. అంకెలు మాత్రం ఒకే రకం వాడండి. ఒడియా నాలుగు దూరం నుంచి 8లా కనిపిస్తుంది.